పెరట్లో ఆవిరి

ఆ ఏడు ఎండాకాలం మొదలవుతుండగా నాకు జ్వరం వచ్చింది. తగ్గేటప్పుడు అది నా ముక్కును తనతో తీసుకుపోయింది. ముక్కు ముఖం మీదే ఉంది, ఊపిరి ఆడుతూనే ఉంది. వాసన ఒక్కటే లేదు.

అప్పట్లో నేను సబ్బుల కార్ఖానాలో వాసన చూసే ఉద్యోగం చేసేదాన్ని. కాగిన సబ్బు అచ్చుల్లోకి వెళ్ళేముందు ప్రతి గంగాళంలోంచి ఒక చెంచాడు నా బల్ల మీదికి వచ్చేది. నిమ్మ ఎక్కువైందనో, గులాబీ కుదరలేదనో, నూనె మక్కిందనో నేను చెప్పాలి. నేను తల ఊపితేనే గంగాళం వంచేవాళ్ళు. "వానలు పడేదాకా ఇంట్లో ఉండు, చూద్దాం" అని మా సూపర్‌వైజరమ్మ నన్ను పంపించేసింది. వానలు పడ్డాక కూడా ముక్కు రాకపోతే ఆ బల్ల దగ్గర ఇంకెవరో కూర్చుంటారని ఆవిడ అనలేదు. అననక్కర్లేదు కూడా.

వాసన లేని ఇల్లు ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఉల్లిపాయలు మూకుడులో రంగు మారేవి, చిటపటమనేవి, అంతే. ఉతికిన దుప్పటికీ ఉతకని దుప్పటికీ తేడా ఉండేది కాదు. మావారు దూరప్రాంతాల బస్సు నడుపుతారు. డీజిలూ చెమటా లేకుండా ఆయన గుమ్మంలో నిలబడితే, గోడ మీది ఫోటోలోంచి దిగి వచ్చినట్టుండేది. మధ్యాహ్నాలు ఎప్పుడు నిద్రపోయానో, ఎప్పుడు లేచానో తెలిసేది కాదు. నన్నెవరో గాజుసీసాలో పెట్టి మూత బిగించి, ఆ సీసాని మా ఇంట్లోనే ఓ అలమరలో పెట్టి మరిచిపోయారనిపించేది. లోపలినుంచి అందరూ కనపడేవారు, వినపడేవారు. దగ్గరికి మాత్రం రాలేకపోయేవారు.

అలాంటి ఒక మధ్యాహ్నం మా వదిన వచ్చింది. మావారి అక్క. గుర్రపుస్వారీ నేర్పే శాలలో గుర్రాలను చూసుకునే పని ఆమెది. అక్కడే ఒక గదిలో ఉండేది. మా ఇంటికి ఏడాదికోసారి వస్తే ఎక్కువ, అదీ వాళ్ళ నాన్న ఊళ్ళో లేనప్పుడు. ఆ రోజు కుడిచెయ్యి భుజం నుంచి వేళ్ళదాకా సిమెంటు కట్టులో ఉంది. వెనకాల మావారు సంచీ పట్టుకుని ఉన్నారు.

"ఓ పిల్ల గుర్రం బెదిరి గేటుకేసి నొక్కేసింది" అంది, ఎవరికో జరిగినదాన్ని చెప్తున్నట్టు. "చెయ్యి అతుక్కునేదాకా శాల దరిదాపులకి రావద్దన్నారు. తమ్ముడు ఊరుకోలేదు, లాక్కొచ్చాడు."

మా మావగారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఆయన ఉద్యోగమంతా ఆసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లు మరగబెట్టి సిద్ధం చేయడంలో గడిచింది. రిటైరయ్యాక కూడా బట్టలు తెల్లగా, గోళ్ళు పొట్టిగా, చేతులు సబ్బుకి పొడిబారి ఉండేవి. కూతుర్ని చూశారు. ఆమె చేతిని ఇంకొంచెంసేపు చూశారు. తర్వాత నావైపు తిరిగి, "వెనక గదిలో పక్క వెయ్యమ్మా" అన్నారు.

వాళ్ళిద్దరికీ మాటల్లేవు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికే అది పాతపడిపోయిన సంగతి, అందుకని ఎవరూ దాని గురించి మాట్లాడేవారు కాదు.

*

వదిన వచ్చిన కొద్దిరోజులకి మా సందులోకి ఒక ట్రాక్టరు ట్రాలీ వెనక్కి వెనక్కి వస్తూ పక్కవాళ్ళ పూలకుండీని నెట్టేసింది. ట్రాలీ నిండా గడ్డితో కలిసిన గుర్రపు లద్దె. దాన్ని వెనక గది కిటికీకి ఎదురుగా పెరట్లో కుమ్మరించి డ్రైవరు వెళ్ళిపోయాడు. మావగారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చారు.

"ఏమిటమ్మా ఇది?" అని నన్నడిగారు. వదిన నా పక్కనే ఉంది.

"గుర్రపు లద్దె మావయ్యా. కూరగాయలు వేద్దామని వదిన తెప్పించారు."

"ఈ పెరట్లో గడ్డి కూడా మొలవదని మీ వదినకి చెప్పు."

"అందుకే తెప్పించానని మీ మావగారికి చెప్పు" అంది వదిన.

"ఇంట్లో మనుషులుంటున్నారని చెప్పు."

"ఎలా ఉంటున్నారో చూస్తూనే ఉన్నానని చెప్పు."

నేనెవరికీ ఏమీ చెప్పలేదు. పార తీసుకున్నాను.

మా పెరడు పేరుకే పెరడు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుకముక్కలూ సిమెంటు పెళ్ళలూ అన్నీ అందులోనే కప్పెట్టేశారు. వాన పడితే జారేది, ఎండ కాస్తే పెంకులా మోగేది. వదినకి పని తెలుసు, చెయ్యి లేదు. నాకు రెండు చేతులూ ఉన్నాయి, ఆ వాసనకి ముఖం తిప్పుకోవలసిన అవసరం లేదు. ఆమె ఎడమచేత్తో చూపిస్తుంటే నేను కుప్పను చుట్టూ చెక్కి, నడుం ఎత్తుకి కట్టి, పైన నీళ్ళు చల్లాను. గుర్రాల మూత్రం పట్టిన గడ్డి కదిలినప్పుడు మాత్రం కళ్ళు మండి నీళ్ళు కారాయి. వాసన తెలియకుండా ఘాటు మాత్రం ఎలా తెలుస్తుందో అని ఆశ్చర్యపోయాను. ఎవరో పిలుస్తున్నారు గాని గొంతు వినపడటం లేదు, అలా.

మర్నాడు తెల్లవారుతూనే వదిన నన్ను పెరట్లోకి పిలిచింది. కుప్ప పొగలు కక్కుతోంది. పొగ కాదు, ఆవిరి. చల్లటి గాలిలో తెల్లగా, మెల్లగా లేచి గోడ దాకా వెళ్ళి కరిగిపోతోంది.

"చెయ్యి పెట్టు" అంది.

మోచేతి దాకా పెట్టాను. లోపల వేడిగా ఉంది. నిద్రపోతున్న జంతువు పొట్టలో చెయ్యి పెట్టినట్టు అనిపించింది. జ్వరం తర్వాత ఏదైనా అంత దగ్గరగా నన్ను తాకడం అదే మొదటిసారి. చాలాసేపు తియ్యలేదు.

*

ఆ తర్వాత రోజులన్నీ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి గుర్తున్నాయి. ఉదయం ఆవిరి, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం కుప్పను తిరగెయ్యడం. బయటిది లోపలికి, లోపలిది బయటికి. ఎండితే నీళ్ళు, తడి ఎక్కువైతే ఎండుగడ్డి. పార దింపినప్పుడల్లా పుట్టగొడుగులో, తెల్లటి బూజు దారాలో, పేరు తెలియని ఎర్రటి పురుగులో బయటపడేవి. వదిన గోడనీడలో స్టూలు మీద కూర్చుని చూసేది. రోజూ నేను ఒకటే అడిగేదాన్ని.

"ఇవాళ ఎలా ఉంది వదినా వాసన?"

"గుర్రంలా ఉంది."

"అలా చెప్తే మా కార్ఖానాలో ఉద్యోగం ఇవ్వరు."

"మీ కార్ఖానావాళ్ళు గుర్రాలకి సబ్బులు చేస్తున్నారా ఏంటి?"

నవ్వాను. తర్వాత మా పనిలో వాసనని ఎలా పట్టుకుంటామో చెప్పాను. ముక్కుకి తగలగానే వచ్చేది ఒకటి, అది పోయాక నిలిచేది ఇంకొకటి, రెండూ పోయాక చివర మిగిలేది మరొకటి. వేర్వేరుగా చెప్పాలి. వదిన కళ్ళు మూసుకుని, ముక్కుపుటాలు పెద్దవి చేసి, చాలా శ్రద్ధగా పీల్చింది.

"ముందు కళ్ళలోకి కొట్టే ఘాటు. అది పోయాక తడిగడ్డి ఉడుకుతున్నట్టు. చివర..." ఆగింది. "చివర తియ్యగా ఉందే! ఇన్నేళ్ళూ దీంట్లోనే బతుకుతూ నేనెప్పుడూ గమనించలేదు."

అప్పటినుంచి అదొక ఆటైపోయింది. ఒకరోజు మూతపెట్టిన పాత ట్రంకుపెట్టెలా ఉందనేది. ఒకరోజు నానబెట్టిన తోలులా. ఒకరోజు స్కూలు గదిలా ఉందని చెప్పి, అదెలా అంటే తనకే తెలియక విసుక్కుంది. నేను కళ్ళు మూసుకుని ఆ మాటల్ని ఒక్కొక్కటిగా లోపలికి పీల్చుకునేదాన్ని. ఏ వాసనా వచ్చేది కాదు. కానీ మధ్యాహ్నం నిద్రలో గుర్రాలు కనపడేవి. గడ్డి నములుతూ, తోకలు ఊపుతూ, వంటింట్లోంచి హాల్లోకి నడుచుకుంటూ వెళ్ళేవి. వాటిని చూసి ఇంట్లో ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఆ మత్తులోనే ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి కిటికీలోంచి కుప్పను చూస్తూ కూర్చున్నాను. మావగారు వరండాలోంచి పరుగెత్తుకొచ్చారు. అప్పుడు చూస్తే వంటిల్లంతా పొగ. పాలు ఇగిరి, మాడి, గిన్నె అడుగు ఎర్రబడింది. నేను దానికి జానెడు దూరంలో ఉన్నాను.

ఆయన పొయ్యి ఆర్పారు. కిటికీలన్నీ తెరిచారు. నాకు ఏడుపొచ్చింది. మర్నాటినుంచి నేను వంట మొదలుపెట్టేసరికి కుర్చీ, పేపరూ తెచ్చుకుని వంటింట్లో చేరేవారు.

"ఇక్కడ గాలి బాగా వస్తోందమ్మా" అనేవారు.

మా వంటింట్లోకి గాలి అసలు రాదు. పేపరు మీంచి కళ్ళు ఎత్తకుండానే, "కూర అడుగంటుతోంది" అనో, "చాలు, దించెయ్" అనో అనేవారు. నా ముక్కు ఆయన ముఖం మీదికి మారిందన్నమాట. ఒకసారి అలాగే పేపరులోకి చూస్తూ, "రాత్రిళ్ళు చెయ్యి నొప్పంటోందా మీ వదిన?" అని అడిగారు. "ఇప్పుడు బాగానే నిద్రపోతున్నారు మావయ్యా" అన్నాను. పేజీ తిప్పారు.

*

వదినకి ఓపిక తక్కువ. కుప్ప ఇంకా సగం గడ్డిగా, పార పెడితే వెచ్చగా ఉండగానే ఒక మడి తవ్వించి, అందులో కలిపించి, ముల్లంగి గింజలు చల్లించింది, టమాటా నారు నాటించింది.

"ఇంకొన్నాళ్ళు ఆగాలేమో వదినా" అన్నాను.

"ఎన్నాళ్ళని చేతులు ముడుచుకు కూర్చుంటాం?" అని, కట్టులో ఉన్న తన చెయ్యి చూసుకుని, "సరే, నీ చేతులు" అంది.

వారం తిరక్కుండా టమాటా ఆకుల అంచులు ఇస్త్రీపెట్టె తగిలినట్టు కాలిపోయాయి. ముల్లంగి మొలకలు పైకి వచ్చినవి వచ్చినట్టే వాలిపోయాయి. వాటి బదులు మేము వెయ్యని మొక్కలు సన్నగా, నిటారుగా, పచ్చగా మడి నిండా లేచాయి.

"ఏం మొక్కలివి?"

వదిన కిందికి వంగింది. ఒకదాన్ని పీకి చూసింది. "ఓట్స్" అంది. "మా ముసలి గుర్రానికి దవడ పళ్ళు అరిగిపోయాయి. నమలకుండా మింగేస్తుంది. అవి అలాగే వచ్చి ఇక్కడ మొలిచాయి." నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఇంకేదో అయిపోయింది. మడి గట్టు మీద కూర్చుండిపోయింది.

"నిజం చెప్పనా? తోట కోసం తెప్పించలేదు దీన్ని."

"మరి?"

"ఈ ఇంట్లో నాకు నిద్ర పట్టలేదు. వచ్చిన రోజునుంచీ కన్ను మూతపడితే ఒట్టు. ఆ వాసన లేకపోతే ఏదో తలుపు తీసి పెట్టి పడుకున్నట్టుంటుంది. కిటికీ ఎదురుగా కుప్ప వేయించాకే పట్టింది."

"ఆ మాటే చెప్పొచ్చుగా?"

"ఎవరికి చెప్తాను? ఈ ఇంట్లోంచి నేను వెళ్ళిందే ఆ వాసన మూలంగా." ఓట్స్ మొక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ చెప్పింది. "శాలలో చేరిన కొత్తలో సాయంత్రం ఇంటికి రాగానే నాన్న గుమ్మంలో నిలబడేవాడు. బయట కుళాయి దగ్గర ఒళ్ళు కడుక్కుని, బట్టలు మార్చుకునిగాని లోపలికి రానిచ్చేవాడు కాదు. చలికాలమైనా అంతే. ఒకరోజు కుళాయి దాకా వచ్చాను. ఎందుకో చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. అలాగే వెనక్కి వెళ్ళిపోయాను. ఆయన పిలవలేదు. నేను చూడలేదు."

ఎండ పడుతున్న ఆ పచ్చటి ఓట్స్ మొక్కల్ని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆమే లేచింది.

"సరే. అబద్ధమో నిజమో, తోట అన్నాం కదా. పద, నిజంగానే వేద్దాం. ఈసారి నువ్వు చెప్పేదాకా నేను తొందరపడను."

"వాసన తెలియనిదాన్ని, నేనేం చెప్తాను?"

"చేత్తో చూసి చెప్పు. వేడి చచ్చాక చెప్పు."

*

ఎండలు ముదిరాయి. ఒకరోజు పక్కింటి టైలరమ్మ గోడ మీంచి తల పెట్టింది. ఆవిడ ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది, మంచి మనిషే. ఆ రోజు మాత్రం ముఖం కందిపోయి ఉంది.

"ఎన్నాళ్ళమ్మా ఈ నరకం? ట్రయల్‌కి వచ్చినావిడ ఒక చేత్తో ముక్కు మూసుకుని ఒక చేత్తో కుట్లు చూసుకుంది. ఇంకొకావిడ కొత్త గుడ్డ వాసనేస్తోందని వెనక్కి తెచ్చింది. రేపటికల్లా ఇది ఇక్కడనుంచి కదలకపోతే మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్తాను. తర్వాత నన్నని లాభం లేదు."

వదిన వెనక గది తలుపు దగ్గర నిలబడి ఉంది. నేను ఏదో సర్దిచెప్పబోతుంటే, మావగారు వంటింటి గుమ్మం దిగి వచ్చారు. ఇక అయిపోయిందనుకున్నాను. ఆ కుప్ప పోవాలని ఇంట్లో అందరికన్నా ఎక్కువ కోరుకున్నది ఆయనే.

ఆయన జేబురుమాలు తియ్యలేదు. నెమ్మదిగా కుప్ప పక్కనుంచి నడిచి గోడ దగ్గరికి వెళ్ళారు.

"మీకు ఇబ్బందిగా ఉన్నమాట నిజమేనమ్మా. నాకూ ఉంది. కానీ ఇది రోగం తెచ్చే మురికి కాదు. అలాంటిది నేను జీవితమంతా చూశాను, నాకు తెలుసు. ఇది మా అమ్మాయి చేసుకుంటున్న పని. కొన్నాళ్ళు ఓర్చుకోండి. మొదటి కాపు మీ ఇంటికే పంపిస్తాను."

టైలరమ్మ ఇంకా రెండు మాటలన్నది గాని వాటిలో పదును లేదు. ఆవిడ తల దిగిపోయాక మావగారు వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర వదిన ఉంది. ఇద్దరి మధ్యా ఆవిరి కూడా లేదప్పుడు, తీక్షణమైన ఎండ తప్ప.

"గోనెపట్టాలు తడిపి కుప్ప మీద కప్పమని మీ వదినకి చెప్పమ్మా" అన్నారు నాతో. "వాసన తగ్గుతుంది."

"సరేనని చెప్పు" అంది వదిన.

ఆ సాయంత్రం స్టోరుగదిలోంచి గోనెసంచులు ఆయనే తెచ్చి పెరటి మెట్ల మీద పెట్టి వెళ్ళారు. అన్నీ ఒకే కొలతలో మడతపెట్టి ఉన్నాయి.

*

ఒక ఉదయం పట్టా తీసి చెయ్యి పెడితే లోపల చల్లగా ఉంది. పిడికిట్లో పట్టి వదిలితే నల్లగా, పొడిపొడిగా రాలింది. గడ్డి ఏదో, లద్దె ఏదో తెలియడం లేదు. మావారు సెలవు పెట్టుకుని వచ్చి గునపంతో పెరడంతా తిరగేశారు. "బస్సు కింద పడుకుని బోల్టులు విప్పడం ఇంతకన్నా సుఖం" అని గొణుగుతూనే తట్టల కొద్దీ ఇటుకముక్కలు ఏరి పోశారు. నేను ఆ నల్లటి ఎరువు పరిచి మట్టిలో కలిపాను. పార ఈసారి మోగలేదు. మెత్తగా దిగింది. బీన్స్, టమాటా, పాలకూర, గోడ పక్కన గుమ్మడి. వదిన ఎడమచేత్తోనే గింజలు వేసింది, తొందర లేకుండా.

అవి మొలిచి, రెండో ఆకు వేసి, ఒత్తుగా పెరిగాక ఒకరోజు పెందలాడే నేను పాలకూర మడిలో మోకాళ్ళ మీద కూర్చుని అదనపు మొక్కలు పీకుతున్నాను. నిద్ర ఇంకా పూర్తిగా వదల్లేదు. వెనక బీన్స్ పందిరి దగ్గర వదిన ఉంది. నేను తల ఎత్తకుండానే అన్నాను.

"వదినా, వాన మొదలైనట్టుందే. గోనెపట్టాలు లోపల పెడదామా?"

"వానెక్కడ? ఆకాశం అద్దంలా ఉంది" అంది వదిన. "బీన్స్‌కి నీళ్ళు పోస్తున్నాను, అంతే."

నా చెయ్యి పీకుతున్న మొక్క దగ్గర ఆగిపోయింది. వెనక నీళ్ళు ఒకేచోట పడుతున్న చప్పుడు. వదిన గొట్టం పక్కకి జరపడం మరిచిపోయింది. నీళ్ళు మడి నిండి, గట్టు దాటి, పొర్లి నా మోకాళ్ళ దాకా వచ్చాయి.

వదిన అడిగింది. "ఇంకాస్త పొయ్యనా?"

"పొయ్యండి" అన్నాను.

తిరిగి వచ్చిన ముక్కు పాతది కాదు. ఒక్కొక్క వాసనా ఎక్కడెక్కడో తిరిగి, తప్పు చిరునామాకి వెళ్ళి వచ్చినట్టు వచ్చేది. కాఫీ కాలిన రబ్బరులా ఉండేది. ఏ సబ్బుకీ వాసనే ఉండేది కాదు. మట్టి, ఆకు, చెమట, నూనె మాత్రం సరిగ్గా వచ్చాయి. మావారు డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఆయన వీపుకి ముఖం ఆనించి నిలబడిపోయాను. "ఏమైంది?" అని కంగారుపడ్డారు. "డీజిలు" అన్నాను. ఆయనకి అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక బస్సు సంచీ ఇంకా భుజాన ఉండగానే అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు.

*

వానలకి ముందే వదిన కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, పాలిపోయి, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. శాలనుంచి కబురొచ్చింది. ముసలి గుర్రం ఎవరు పెట్టినా సరిగ్గా తినడం లేదట. వదిన ఆ మధ్యాహ్నమే సంచీ సర్దుకుంది. వరండాలో మావగారు పేపరు చదువుకుంటున్నారు. ఆమె మెట్లు దిగి ఆగింది.

"వెళ్తున్నానని చెప్పు" అంది నాతో.

"జాగ్రత్తగా వెళ్ళమను" అన్నారాయన పేపరు వెనకనుంచి.

గేటు పడింది. ఆయన పేపరు దించలేదు. చాలాసేపు పేజీ కూడా తిప్పలేదు.

నేను కార్ఖానాకి వెళ్ళాను. సూపర్‌వైజరమ్మ నా బల్ల మీద చిన్న చిన్న గిన్నెలు వరసగా పెట్టింది. నిమ్మ చెప్పాను. చందనం చెప్పాను. గులాబీ దగ్గర తడబడ్డాను. మల్లె దగ్గర తడికాగితం తప్ప ఏమీ లేదు. ఆవిడ బాధపడుతూనే, "సగం ముక్కుతో ఈ బల్ల కుదరదమ్మా" అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నన్ను నూనెల గోదాములోకి తీసుకెళ్ళింది. పీపాల మూతలు తీయించింది. ఏది మక్కడం మొదలైందో, ఏది ఇంకా నెల ఆగుతుందో, ఏది పైకి బాగానే ఉండి అడుగున పాడైందో నేను ఆలోచించకుండా చెప్పేశాను. పాడవడానికీ మాగడానికీ మధ్య ఉన్న తేడా నాకు అంతకుముందెప్పుడూ అంత తేటగా తెలియలేదు. ఈ రోజుకీ నేను ఆ గోదాములోనే పనిచేస్తున్నాను. మల్లె ఇప్పటికీ రాలేదు. దాని కోసం ఎదురుచూడటం ఎప్పుడో మానేశాను.

నేను పనికి వెళ్తుంటే తోటని ఎవరు చూస్తారన్న ప్రశ్న రానేలేదు. మావగారు చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి పెరట్లోకి దిగారు. ఆకులమీద పురుగుల్ని పట్టకారుతో ఏరి సీసాలో వేసేవారు. బీన్స్ గుత్తులు గుత్తులుగా కాశాయి. మొదటి కాపు టైలరమ్మకి వెళ్ళింది. ఆవిడ సాయంత్రమే గోడ మీంచి తల పెట్టి, "గుమ్మడి కూడా ఇస్తారుగా?" అని అడిగింది.

వానలు పడి వెలిసిన ఒక ఆదివారం, సంచీ నిండా బీన్స్ కోసి పెట్టుకుని ఆయన నన్ను పిలిచారు.

"ఆ శాలకి ఏ బస్సు ఎక్కాలో కనుక్కున్నావా అమ్మా?"

కనుక్కోమని ఆయన అంతకుముందెప్పుడూ అనలేదు. "నాకు తెలుసు మావయ్యా" అన్నాను.

బస్సులో సంచీ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు. దిగాక గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే నేను ఆగిపోయాను. ఎండాకాలమంతా నేను మోచేతి దాకా ముంచి కూర్చున్న వాసన అప్పుడు ఒక్కసారిగా వచ్చి మీదపడింది. కళ్ళలోకి కొట్టే ఘాటు, ఉడుకుతున్న గడ్డి, తడిసిన తోలు, వెచ్చటి జంతువుల ఒళ్ళు. చివర, వదిన చెప్పినట్టే, తియ్యగా. నాకు ఊపిరి వదలబుద్ధి కాలేదు. మావగారు ముఖం కొంచెం బిగించారు గాని నడక ఆపలేదు.

శాల వరండా చివర వదిన ముసలి గుర్రం కాళ్ళు కడుగుతోంది. తెల్లబడిన మూతి, గుంటలు పడిన కళ్ళు. మా అడుగుల చప్పుడుకి వదిన తల ఎత్తింది. మమ్మల్ని చూసి నీళ్ళగొట్టం పట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత అలవాటుగా నావైపు తిరిగింది.

"అక్కడ తడిగా ఉంది, జారుతుందని మీ మావగారికి చెప్పు."

నేను నోరు తెరిచేలోపే ఆయన వదినకేసి చూసి అన్నారు.

"నాకు వినపడుతోందమ్మా."

వదిన నీళ్ళగొట్టం కింద పెట్టింది. కుళాయి కట్టేసింది. కట్టేసి, ఆ కుళాయి మీదే చెయ్యి ఉంచి నిలబడింది.

"ఆ చెయ్యి బరువు మోస్తోందా?" అని అడిగారు ఆయన.

"మోస్తోంది నాన్నా."

"నొప్పి?"

"వానపడే రోజుల్లో ఉంటుంది."

ఆయన తల ఊపారు. సంచీ ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశారు. నేను తీసుకున్నాను. వదిన గుర్రం తాడు విప్పి, ఇంకా వెనక కాళ్ళు కడగాలంటూ, దాన్ని ఎవరైనా పట్టుకోవాలంటూ నసిగింది. ఆయన చెయ్యి చాచారు. తాడు ఆయన చేతిలో పెట్టింది.

గుర్రం ముందుకు వంగి ఆయన తెల్లచొక్కా మీద మూతి ఆనించింది. ఒక పెద్ద ఊపిరి వదిలింది. చొక్కా మీద తడిమచ్చ పడింది. ఆయన ఒళ్ళు బిగుసుకుంది. కాళ్ళు కదిలీ కదలనట్టు కదిలాయి.

"ఇది... ఎంత వేడిగా ఉందే దీని ఊపిరి!" అన్నారు.

"ఏం చెయ్యదు. కాసేపు అలాగే నిలబడు నాన్నా" అంది వదిన, బకెట్టు దగ్గరికి వంగుతూ. "అలవాటవుతుంది."

ఆయన నిలబడ్డారు.